మైలవరంలో సముద్రం: ఉప్పునీటి తొట్టికి ముందుగా ఏం కొనాలి?

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

 నాకు ముందు షుగరు వ్యాధి గురించి డాక్టరుగారు చెప్పిన మాటలు విని ఇంకా తేరుకోని మా బ్యాచ్ మిత్రులకు నమస్కారం.

కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన ‘ఇంజినీరింగ్ రంగంలో అవకాశాలు’ అని అచ్చు వేశారు. కమిటీవారిని అడిగి ఆ అంశం మార్చుకున్నాను. అవకాశాల సంగతి ఇక్కడ కూర్చున్న పిల్లలకు నాకంటే ఎక్కువ తెలుసు. నాకు బాగా తెలిసినది, నేను తప్పు చేసి నేర్చుకున్నది ఒకటుంది. ఇంట్లో సముద్రపు చేపల తొట్టి పెట్టుకోవాలంటే ఏయే సామాను కొనాలి, ఏది కొనకూడదు అన్నది. నవ్వకండి. కాసేపు వింటే ఇది కరెంటు గురించి, నీళ్ళ గురించి, మామిడి కోతల గురించి కూడానని తెలుస్తుంది.

మనకు సోషల్ చెప్పిన మాష్టారు ‘ప్రవాళ భిత్తికలు’ అనే మాటను బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసేవారు. రెండు మార్కుల ప్రశ్న. లక్షదీవులు ప్రవాళ దీవులని రాసి మార్కులు తెచ్చుకున్న మాలో అప్పటికి సముద్రం చూసినవాళ్ళు నలుగురైదుగురు ఉంటారేమో. ఇక్కడి నుంచి బందరు మంగినపూడి తీరం సుమారు వంద కిలోమీటర్లు. పోనీ అక్కడికి వెళ్ళినా పగడపు దిబ్బ కనపడదు. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీళ్ళు పగడానికి పడవు. దానికి తేటనీరు కావాలి, లోపలిదాకా ఎండ దిగాలి. మన దేశంలో చూడాలంటే లక్షదీవులకో, అండమాన్ నికోబార్‌కో, మన్నారు సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో పోవాలి. అటువంటి దాన్ని మైలవరంలో ముందుగదిలో పెట్టాలని మా బ్యాచ్ మిత్రుడొకడికి పోయిన ఏడాది కోరిక పుట్టింది. వాడు ఈ హాల్లోనే మూడో వరుసలో ఉన్నాడు. పేరు చెప్పనని మాటిచ్చాను.

వాడికి మామిడి తోటలున్నాయి. వాడి మనవడు నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేప సినిమా చూసి, అదే చేప కావాలని మంకుపట్టు పట్టాడు. కోతలు అయిపోయాక వీడు పట్నం వెళ్ళి ఒక కొటేషన్ రాయించుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

“ఒరేయ్, నువ్వు ఇంజినీరువి. పైగా చేపలు పెంచినవాడివి. లక్షా అరవై వేలంటున్నాడు. మోసమేమన్నా ఉందేమో చూడరా” అన్నాడు.

చూశాను. మోసం లేదు. తొట్టి, దాని కింద చెక్క బీరువా, లోపల వడపోత తొట్టి, ఖరీదైన ఎల్ఈడీ లైటు, ప్రోటీన్ స్కిమ్మర్, 300 వాట్ల హీటర్, అల్ట్రావయొలెట్ దీపం, కాల్షియం రియాక్టర్, మందు కొలిచి పోసే పంపు, ఇరవై కిలోల ‘లైవ్ రాక్’, అయిదు ‘పగడాలు’. మొత్తం పదకొండు. చలిదేశంలో ఉండేవాడు తయారుచేసిన జాబితాను ఎత్తి రాశారు. దీన్ని చదువుతుంటే ఇది మైలవరానికి రాసింది కాదని తెలిసిపోతుంది. హీటర్ ఉంది, ఫ్యాన్ లేదు. లైటుకు యాభై వేలున్నాయి, కరెంటు పోతే ఏం చేయాలో ఒక్క రూపాయి సామాను లేదు.

ముందు ఆఖరి రెండూ కొట్టేశాను. ఎందుకో అందరూ తెలుసుకోవాలి. రాయిలా గట్టిపడి దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పెద్దపులి ఉన్న షెడ్యూలే అది. వాటితోపాటు నల్ల పగడం, నిప్పు పగడం, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్, సముద్రపు గుర్రం కూడా ఉన్నాయి. తీయడం, అమ్మడం, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా. లైవ్ రాక్ అంటే ఏమిటనుకున్నారు? చాలావరకు దిబ్బల నుంచి విరిగిపడ్డ పగడపు ఎముకే. “తెలియక కొన్నానండీ” అంటే కుదరదు.

“మరి రీఫ్ ఏదిరా? రాయి తీసేశావు, పగడం తీసేశావు!” అని వాడు గొల్లుమన్నాడు.

నిజమే. విదేశాల్లో మన తెలుగువాళ్ళు చాలామంది ఇళ్ళలో పగడాలు పెంచుతున్నారు. అక్కడ పెంపకం కేంద్రాల్లో ముక్క నాటి పెంచినవి దొరుకుతాయి, కాగితాలుంటాయి. మన దగ్గర మొదటి తొట్టి పెట్టేవాడు పగడం లేకుండా, మనం చేసుకున్న రాళ్ళతో, గుడ్ల నుంచి పొదిగించి పెంచిన చేపలతో మొదలుపెట్టాలన్నది నా మాట. పగడంలా ఉండే మెత్తని జాతులు అమ్మేవాళ్ళున్నారు. ఎక్కడి నుంచి తెచ్చారో కాగితం చూపలేకపోతే వాటి జోలికీ పోవద్దు. అందులో జోయాంథిడ్ అనే రకం కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేస్తామని వేడినీళ్ళలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి. చిన్నపిల్లాడున్న ఇంట్లో నేనైతే పెట్టను.

సరే, ఇక నా సంగతి చెప్తాను. దీనివల్లే వాడి కాగితాన్ని నేను తలకిందులుగా చదవడం అలవాటు చేసుకున్నాను.

బెజవాడలో ఉన్న రోజుల్లో మా ఇంట్లో సుమారు 200 లీటర్ల ఉప్పునీటి తొట్టి ఉండేది. ఆరు చేపలు. రెండేళ్ళు పెరిగాయి. మే నెలలో ఒకరోజు తెనాలిలో పెళ్ళికి వెళ్ళాం. రాత్రి పెద్ద గాలివాన. మీలో తోటలున్నవాళ్ళకు అలాంటి రాత్రులు గుర్తుంటాయి, తెల్లారేసరికి చెట్టు కింద కాయ పరిచినట్టు ఉంటుంది. ఆ గాలికే మా వీధిలో కరెంటు పోయింది. రాత్రి పదకొండింటి నుంచి తెల్లవారి ఏడింటి దాకా రాలేదు. మేం తొమ్మిదింటికి ఇంటికి వచ్చేసరికి లైటు వెలుగుతోంది, పంపు తిరుగుతోంది, నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఆరు చేపలూ అడుగున పడి ఉన్నాయి.

నేను చేసే ఉద్యోగం ఏమిటో తెలుసా? ఫ్యాక్టరీల్లో కరెంటు పోతే ఏ యంత్రం ఆగవచ్చు, ఏది ఆగకూడదు, ఆగకూడనిదాన్ని దేనిమీద నడపాలి అని లెక్కలు వేయడం. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. “నాన్నా, పంపు ఆగితే ఏమవుతుందో నీకు తెలియదా?” అంది. తిట్టినా బాగుండేది. అది నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

వేడికి పోయాయని మొదట అనుకున్నాను. కాదు. వాన పడ్డాక గది చల్లబడింది కూడా. లెక్క వేసి చూస్తే తెలిసింది. 30 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీటిలో కరిగే ఆక్సిజన్ 6 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. 200 లీటర్లకు ఎంతైంది? గ్రామున్నర కూడా లేదు.  మంచినీళ్ళయితే ఇంకొంచెం పడుతుంది. ఉప్పు పెరిగినా, వేడి పెరిగినా ఆక్సిజన్ తగ్గుతుంది, మనకు రెండూ ఉన్నాయి. ఆ గ్రామున్నరలోనే ఆరు చేపలు, రాళ్ళలో ఉన్న బాక్టీరియా అంతా గాలి పీల్చాలి. పంపు తిరుగుతున్నంతసేపూ పైనీరు కదిలి కొత్త గాలి కలుస్తుంటుంది. ఆగితే నీరు నిలవ చెరువే.

ఈ విషయం కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న ఏ రైతును అడిగినా చెప్తాడు. తెల్లవారుజామున రొయ్య పైకి తేలిందంటే ఆక్సిజన్ పడిపోయినట్టే. అందుకే వాళ్ళు ముందు ఏరియేటర్లు, వాటికి జనరేటరు చూసుకుని తర్వాత పిల్ల వదులుతారు. నాకు ఆ ఇంగితం లేకపోయింది. అందమైన లైటు ముందు కొన్నాను.

కాబట్టి మిత్రుడి కాగితం వెనక్కి తిప్పి మొదటి అంకె వేసి రాసినది: బ్యాటరీతో నడిచే గాలి పంపు. మామూలప్పుడు గోడ ప్లగ్గులో ఉండి ఛార్జింగ్ ఎక్కుతుంది, కరెంటు పోగానే దానంతటదే బుడగలు వదులుతుంది. అన్నింటికంటే చవకైన సామాను ఇదే, చూడ్డానికీ ఏమంత బాగుండదు. “ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా” అన్నాడు. ఉంది. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు. పాతబడినదానికి, మధ్యలో నష్టాలకు సగం కొట్టేసి 900 వేసుకుందాం. నీటిని తిప్పే చిన్న పంపు 10 వాట్లు, గాలి పంపు 5, ఇన్వర్టర్ తనకోసం తినేది ఒక 15. ముప్పై వాట్లకు ముప్పై గంటలు వస్తుంది. కానీ అదే ఇన్వర్టర్ మీద రెండు సీలింగ్ ఫ్యాన్లు, రెండు లైట్లు ఉంటే 200 వాట్లు దాటుతుంది, నాలుగు గంటల్లో ఖాళీ. మే నెల రాత్రి కరెంటు పోతే మనం ఫ్యాన్ కట్టేసుకుని చేపలకు గాలి ఇస్తామా? ఇవ్వం. అందుకే విడిగా ఒకటి ఉండాలన్నాను. ఇన్వర్టర్ మీద మాత్రం నీటిని తిప్పే పంపు ఒక్కటి పెట్టమన్నాను. లైటు, స్కిమ్మర్ వద్దు. అవి ఒకరోజు ఆగినా ఎవరూ చావరు.

రెండో అంకె కూడా కరెంటుదే. ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు. మన బోరు నీటికంటే సముద్రపు నీటిలో కరెంటు సుమారు యాభై రెట్లు తేలిగ్గా పారుతుంది. ఆ నీరు ఆవిరై వైర్ల మీద, ప్లగ్గుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అది మళ్ళీ గాలిలో తేమ పీలుస్తుంది. పగిలిన పంపు వైరు తొట్టిలో ఉంటే చెయ్యి పెట్టినవాడి సంగతి ఆలోచించండి. ప్రతి వైరూ ప్లగ్గుకు వచ్చేముందు కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కాలి, అప్పుడు కారిన నీరు ప్లగ్గులోకి పోకుండా కిందే బొట్లు పడుతుంది. మన పాత ఇళ్ళలో ఎర్తు పిన్ను ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉంటుందో లేదో దేవుడికి తెలియాలి. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి, ఆర్‌సీసీబీ బిగించాక ఫోను చేయమన్నాను. అది అయ్యేదాకా తొట్టి కొనవద్దన్నాను.

తర్వాత వేడి. నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే హాయి. 28 దాకా ఈ చేపలు ఓర్చుకుంటాయి. అసలు సముద్రంలోనే కాస్త వేడెక్కితే ఏమవుతుందో లక్షదీవుల్లో చూశాం. మామూలు వేసవికంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా కొన్ని వారాలు ఉన్నందుకే 1998లో, 2010లో, 2016లో అక్కడి పగడాలు తెల్లబారిపోయాయి. మరి మైలవరంలో మే నెలలో బయట 42, 43 ఉంటుంది. దుకాణంవాళ్ళు చెప్పేది చిల్లర్. ఫ్రిజ్జు లాంటి యంత్రం, మంచిదే. కానీ ఖరీదు, కరెంటు, పైగా నీటిలోంచి తీసిన వేడిని అదే గదిలోకి వదులుతుంది. ఆ గది కిటికీలు మూసి ఉంటే అది తన తోక తనే కొరుక్కున్నట్టు పనిచేస్తుంది.

ఇక్కడ మైలవరానికి ఒక మేలుంది, బందరుకు లేదు. మన వడగాలి పొడిగాలి. కుండలో నీళ్ళు చల్లబడేది, కూలర్ పనిచేసేది అందుకే. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు ఆవిరైతే 200 లీటర్ల నీటిని దాదాపు 3 డిగ్రీలు తగ్గించేంత వేడి పోతుంది. పదో తరగతి ఫిజిక్సులో గుప్తోష్ణం అని చదివామే, అదే. బందరులో మే నెల గాలి తడిగా ఉంటుంది, ఫ్యాన్ తిప్పినా పెద్దగా దిగదు. మనకు జులై నుంచి అక్టోబరు దాకా ఆ తడి ఉంటుంది కాబట్టి అసలు కష్టం అప్పుడు. నా సలహా: మొదటి ఏడాది రెండు చిన్న ఫ్యాన్లు, ఒక నమ్మకమైన థర్మామీటరు. రోజూ సాయంత్రం అంకె రాసిపెట్టుకోవాలి. వరసగా 28 దాటుతుంటే అప్పుడు చిల్లర్ కొనండి. ముందే కొనకండి.

ఫ్యాన్ పెడితే ఇంకో పని తగులుతుంది. రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. నీరు పోతుంది, ఉప్పు పోదు. సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. వారం రోజులు ఊరెళ్ళి, 35 లీటర్లు తగ్గనిచ్చారనుకోండి, ఉప్పు 42కు ఎక్కి కూర్చుంటుంది. తగ్గినంతా మంచినీళ్ళు పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఈ తేడా తెలియక పెట్టిన మొదటి నెలలోనే చేపల్ని పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. నీరు తగ్గగానే పక్క బకెట్లోంచి దానంతటదే తోడి పోసే చిన్న పరికరం ఉంది. నా జాబితాలో అది లైటుకంటే ముందుంది.

హీటర్ మాటకొస్తే, ధనుర్మాసం రాత్రుల్లో మనకూ కొంచెం కావాలి. కానీ 300 వాట్లది ఎందుకు? హీటర్లలో థర్మోస్టాట్ ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుపోతుంది. రాత్రి అతుక్కుంటే 300 వాట్లది 200 లీటర్లను గంటకు డిగ్రీకి పైగా పెంచుతుంది, తెల్లారేసరికి పులుసు తయారు. 100 వాట్లదయితే అదే రాత్రిలో మూడు డిగ్రీలకు మించదు, మనం లేచి చూసుకునే వ్యవధి ఉంటుంది.

నీళ్ళ గురించి మా చెల్లెమ్మ, అంటే వాడి భార్య అడిగింది. “అన్నయ్యగారూ, బోరు నీళ్ళలో కల్లుప్పు కలిపితే చాలదా?” మంచి ప్రశ్న. చినగంజాం ఉప్పు కొఠార్లలో సముద్రపు నీరు ఎండుతుంటే ముందు సున్నం, జిప్సం అడుగుకు దిగిపోతాయి. ఆ తర్వాత ఉప్పు కడుతుంది. మెగ్నీషియం ఆఖరి చేదు నీళ్ళలోనే మిగిలిపోతుంది, దాన్ని పారబోస్తారు. మనకు వచ్చే కల్లుప్పు సముద్రంలో ఒక భాగమే. అందుకని అన్నీ కలిపి తయారుచేసిన అక్వేరియం ఉప్పే కొనాలి. 200 లీటర్లకు ఏడు కిలోలకు పైన పడుతుంది. మంగినపూడి నుంచి క్యాన్లలో తెచ్చుకుందామని వాడన్నాడు. ఆ తీరం నీటిలో ఏటి నీరెంతో ఉప్పెంతో ఒక్కో నెల ఒక్కో రకం. పైగా బురద. వద్దన్నాను.

ఉప్పు కలిపే నీరు ఆర్వోది కావాలి. వంటింట్లో ఉన్నదే పనికొస్తుంది గానీ ఒక చిక్కుంది. రుచి కోసమని చాలా యంత్రాల్లో శుద్ధి చేసిన నీటిలో కొంచెం పచ్చి నీరు మళ్ళీ కలిపే మర ఉంటుంది. దాన్ని పూర్తిగా మూయించాలి. ఆ తర్వాత డీఐ రెజిన్ డబ్బా ఒకటి తగిలించి, టీడీఎస్ మీటరు సున్నా చూపేదాకా పట్టాలి. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు పారబోసే నీరు వస్తుంది, అది పాదులకు పోకుండా గిన్నెలకో, నేల తుడవడానికో పెట్టుకోండి. ఉప్పు కొలిచేందుకు తేలే గాజు గొట్టం వద్దు, రిఫ్రాక్టోమీటరు కొనండి. దాన్ని 35 గ్రాముల ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవాలి.

ఇక రాళ్ళు. 1960లలో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన పెద్ద వడపోత యంత్రాలేమీ లేకుండా, సముద్రపు రాళ్ళు, గాలి బుడగలు, ఎండ వీటితోనే తొట్టెలు నడిపి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. జకార్తా కూడా మనలా వేడి ఊరే. నీటిని శుభ్రం చేసేది యంత్రం కాదు, రాయి సందుల్లో బతికే బాక్టీరియా. చేప విసర్జించే అమ్మోనియాను అవి నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. బాక్టీరియాకు ఆ రాయి సముద్రం నుంచే రావాలని పట్టింపు లేదు, రంధ్రాలుంటే చాలు. సిమెంటులో ఆలిచిప్పల పొడి, రాళ్ళ ఉప్పు కలిపి పోస్తే, ఉప్పు కరిగి సందులు మిగులుతాయి. మా మిత్రుడు తన మేస్త్రీని పెట్టుకుని దొడ్లో పోయించాడు. మేస్త్రీకి ఇది ఎందుకో అర్థం కాలేదు గానీ ముక్కలు మాత్రం కొండరాళ్ళలా బ్రహ్మాండంగా వచ్చాయి. సిమెంటు సున్నం వదులుతుంది కాబట్టి రెండు నెలలు నీళ్ళు మారుస్తూ క్యూరింగు చేయాలి. నీరు రాత్రంతా ఉంచినా పీహెచ్ పెరగకపోతే సిద్ధమైనట్టు. ఓపిక లేనివాళ్ళకు సిరామిక్ రాళ్ళు అమ్ముతారు.

స్కిమ్మర్ కొనండి. అది కవ్వం లాంటిది. సన్నటి బుడగల చుట్టూ నీటిలోని జిడ్డు, మాంసకృత్తులు అంటుకుని, వెన్నలా పైకి నురగ కట్టి గిన్నెలో పడతాయి. వాసన మాత్రం వెన్న వాసన కాదు. దీని బుడగలు నీటికి గాలి కూడా పట్టిస్తాయి. మధ్యరకం చాలు. లైటు చేపలు కనపడేంతది చాలు, పగడం లేదు కదా. అల్ట్రావయొలెట్ దీపం, కాల్షియం రియాక్టర్, మందు పోసే పంపు మూడింటినీ ఎర్ర సిరాతో కొట్టేశాను. తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు. అద్దం 10 మిల్లీమీటర్లు. అన్నీ కలిపి దాదాపు 300 కిలోలు, కింద అంతస్తులో గోడ పక్కన. ఇంతకంటే చిన్నది తేలికనుకుంటారు, కాదు. నీరు తక్కువయ్యేకొద్దీ తప్పు త్వరగా చంపుతుంది.

ఇదంతా విన్నాక మా చెల్లెమ్మ అడిగిన రెండో ప్రశ్నకు నా దగ్గర సామాను లేదు. “కోతల్లో మేమిద్దరం రెండు నెలలు తోటలోనే ఉంటాం అన్నయ్యగారూ. ఇంట్లో అత్తయ్య, పిల్లాడు. అప్పుడు దీన్ని ఎవరు చూస్తారు?”

ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు. వేడి ఎక్కువ, గాలివానలు ఎక్కువ, కరెంటు నమ్మకం లేనిది సరిగ్గా ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా. మామిడి ఇంటివాళ్ళు ఇంట్లో ఉండని రోజులూ అవే. వాళ్ళ అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. వడపోత తొట్టి, పైపులు అంటూ నాలుగు రకాల పంపులు పెడితే ఆవిడ ఏం చేస్తుంది? అప్పుడు జాబితా మళ్ళీ రాశాం. కింద వడపోత తొట్టి తీసేశాం, స్కిమ్మర్ వెనక వేలాడే రకం పెట్టాం. అన్ని స్విచ్‌లూ ఒకే బోర్డు మీద, ఒక్కోదాని పక్కన తెలుగులో పేరు. చేపలు ఆరు కాదు, రెండే. మేత చిటికెలు చిటికెలుగా మందుల డబ్బాలో రోజుకొక అరలో పోసి పెట్టడం, లేకపోతే ముద్దుకొద్దీ పిల్లాడు గుప్పెడు వేస్తాడు. ఇంకా, తొట్టిని ఆగస్టులో మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాం. వేసవి వచ్చేసరికి దానికి ఎనిమిది నెలలుంటాయి, రాళ్ళలో బాక్టీరియా స్థిరపడి ఉంటుంది.

ఆగస్టులో ఉప్పునీరు పోశాడు. అయిదు వారాలు చేప లేకుండా ఖాళీ రాళ్ళ తొట్టినే నడిపాడు. అమ్మోనియా కొలత చుక్కలు పోసి, సీసా రంగు ఫోనులో ఫోటో తీసి పంపేవాడు. వాళ్ళ వీధిలో వాళ్ళంతా “రాళ్ళకు నీళ్ళు పోసుకుంటున్నాడు” అని నవ్వారు. మనవడు రోజూ అద్దానికి ముక్కు ఆనించి రాళ్ళనే చూశాడు. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగాక రెండు క్లౌన్ చేపలు తెచ్చాడు. ఇవి సముద్రంలో పట్టినవి కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్ళు మండపం, విళింజం కేంద్రాల్లో ఈ చేపల్ని గుడ్ల నుంచి పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించారు. అడిగితే అలా పెంచినవి దొరుకుతాయి, అవే అడగండి. బాగా చూసుకుంటే పదేళ్ళకు పైనే బతుకుతాయి. పిల్లాడు ఇంటరు చదివేదాకా అన్నమాట. కొనేముందు అది కూడా ఆలోచించుకోవాలి.

పోయిన నెల నేను వచ్చినప్పుడు ఇద్దరం ఒక పరీక్ష పెట్టాం. ఆదివారం రాత్రి పది గంటలకు మెయిన్ ఆఫ్ చేసేశాం. గాలి పంపు దానంతటదే మొదలైంది. మేం అరుగు మీద దోమల్లో కూర్చుని పాత కబుర్లు చెప్పుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి వేసి చూస్తే రెండు చేపలూ రాయి పక్కన మామూలుగానే ఆడుతున్నాయి. ఇన్వర్టర్ మాత్రం రెండున్నరకే చేతులెత్తేసింది. పెద్దావిడ గదిలో ఫ్యాను కూడా దానిమీదే ఉందని అప్పుడు తెలిసింది. ఆ వైరు మార్పించాడు.

వేసవి ఇంకా రాలేదు. ఏప్రిల్లో ఇంకోసారి ఇలాగే ఆపి చూద్దామనుకున్నాం, ఈసారి పెద్దావిడ ఒక్కరే ఇంట్లో ఉన్నప్పుడు. లెక్కల కాగితం పది కాపీలు తెచ్చాను, కావలసినవారు తీసుకోండి. మిత్రుడు సాయంత్రం తొట్టి చూడ్డానికి అందరినీ రమ్మంటున్నాడు. అద్దం మీద చేతులు వేయకండి, వాళ్ళ మనవడు ఊరుకోడు. వడ్డన మొదలైనట్టుంది.